కొయ్యబొమ్మలకు గొంతునిచ్చిన మత్యేయ్ కోపెట్స్కీ

యూరప్ ఖండము నడిబొడ్డున నున్న చెక్ జాతివారి దేశమున మత్యేయ్ కోపెట్స్కీ అను పేరు సుప్రసిద్ధము. ఆయన రాజు కాడు, సేనాపతి కాడు, పండితుడు కాడు. ఊరూరు తిరిగి కొయ్యబొమ్మలాడించి పొట్టపోసికొన్న పేదవాడు. ఒక గ్రంథమైనను అచ్చువేయలేదు; ఒక పాఠశాలయైనను నెలకొల్పలేదు. అట్టివానిని ఆ జాతి తన భాషను నిలిపిన పెద్దల సరసన చేర్చి గౌరవించుచున్నది. ఆ గౌరవములో వాస్తవమెంత, అభిమానము చేర్చిన అలంకారమెంత అని ఆ దేశపు పండితులు చాలకాలము విచారించిరి. ఆయన జీవితమును మొదటినుండి చూచినవారికి ఆ రెండును విడివిడిగా కనబడును. అలంకారమును తీసివేసిన తరువాత కూడ మిగులునది తక్కువ కాదు.

ఆయన పుట్టిన కాలమును, దేశస్థితిని ముందుగా తెలిసికొనవలెను. చెక్ జాతివారి దేశమునకు బొహీమియా అని పేరు. ప్రాగ్ నగరము దానికి రాజధాని. పూర్వము స్వంత రాజులతో, స్వంత విద్యాపీఠముతో వెలసిన ఈ దేశము 1620వ సంవత్సరమున ప్రాగ్ సమీపమున జరిగిన తెల్లకొండ యుద్ధములో ఓడి, హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తుల పట్టులో పూర్తిగా చిక్కెను. ఎదురుతిరిగిన ప్రభువుల ఆస్తులు పరుల పాలయ్యెను. క్రమక్రమముగా కచేరీలలోను, కోటలలోను, పట్టణపు పెద్దల యిండ్లలోను జర్మను భాషయే గౌరవమునకు గుర్తయ్యెను. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1781లో రైతులను బానిసతనమువంటి కట్టుబాట్లనుండి విడిపించి మేలు చేసెను; కాని ఆయన యేలుబడిలోనే 1784లో ప్రాగ్ విశ్వవిద్యాలయమున లాటిను స్థానమున జర్మను బోధనభాషగా వచ్చెను. చెక్ భాష పొలములోను, వంటయింటిలోను, సంతలోను మాత్రమే మిగిలెను. ఆ భాష మరి కొన్ని తరములలో అంతరించునని తలచిన విద్వాంసులును ఆ కాలమున లేకపోలేదు.

ఇట్టి దినములలో 1775వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన, తూర్పు బొహీమియాలోని లిబ్చనీ అను గ్రామమున మత్యేయ్ కోపెట్స్కీ జన్మించెను. ఆయన తండ్రి కూడ ఊరూరు తిరుగు ఆటగాడే. అందుచేత లిబ్చనీ ఆయనకు పుట్టినయూరే గాని స్వగ్రామమని చెప్పదగినది కాదు. ఆటగాండ్ర బిడ్డలకు బాల్యమంతయు బండిమీదనే గడచును. నేడొక యూరు, రేపొక యూరు. ఆట బాగుగ నడచిననాడు వేడిగంజి, లేనినాడు పస్తు. ఊరివారు ఆట చూచి ఆనందింతురు. కాని ఆట ముగిసిన తరువాత ఆటగానిని తమలోనివానిగా నెంచరు. దొరతనమువారికి వీరు దేశద్రిమ్మరుల లెక్కలోనివారు. దొంగతనము జరిగినను, అంటువ్యాధి వచ్చినను మొదట అనుమానము వీరిమీదనే పడును. ఆ అవమానమును, ఆ యాటను కూడ మత్యేయ్ తండ్రివద్దనే నేర్చుకొనెను.

కొయ్యబొమ్మలాట చెక్ దేశమున పుట్టినది కాదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఇంగ్లండు, ఇటలీ, జర్మను దేశముల నుండి వచ్చిన నాటకబృందములు దానిని వెంట తెచ్చెను. నటులకు జీతములిచ్చుకొనలేని చిన్న యజమానులకు కొయ్యనటులు చౌకగా దొరికిరి. వారు తినరు, అలుగరు, జీతమడుగరు. ఆ పరదేశపు ఆటను చూచి నేర్చిన చెక్ కుటుంబములు కొన్ని దానిని తమ వృత్తిగా చేసికొనెను. కోపెట్స్కీ వారి కుటుంబము అట్టివానిలో నొకటి.

తెలుగు పల్లెలలో తోలుబొమ్మలాట చూచినవారికి ఈ యాట తీరు కొంత చెప్పిననే తెలియును. తోలుబొమ్మ తెరవెనుక దీపపు వెలుగులో నీడగా కనబడును. చెక్ వారి బొమ్మ నీడ కాదు. లిండెన్ అను చెట్టు చెక్కతో చెక్కి, రంగులు వేసి, బట్టలు కట్టిన శిల్పము. కొండపల్లి బొమ్మలకు పొనికి చెక్క యెట్టిదో, వారికి లిండెన్ చెక్క యట్టిది. మెత్తనిది, తేలికయైనది, ఉలికి లొంగునది. బొమ్మ తలనడుమ నుండి గట్టి ఇనుపతీగ పైకి వచ్చి ఆడించువాని పిడికి చేరును. బొమ్మ బరువంతయు ఆ తీగయే మోయును. చేతులకు, కాళ్ళకు దారములు కట్టుదురు. అచ్చముగా దారములతోనే ఆడు బొమ్మకు నాజూకైన నడక వచ్చును. తీగబొమ్మకు అది రాదు. అది దృఢముగ అడుగు వేయును, ఒక్కసారిగ తల త్రిప్పును, కత్తి దూసినచో చప్పుడగునట్లు కొట్టును. రాజులకు, వీరులకు, దయ్యములకు ఆ నడకయే తగియుండెను. ఆడించువాడు చిత్రించిన తెరకు వెనుక, ఎత్తుపలకమీద నిలిచి క్రిందికి వంగి ఆడించును. గంటల తరబడి వంగి, బరువైన బొమ్మలను చాచిన చేతులతో పట్టి, ఆ వేళనే సంభాషణమంతయు తానే పలుకవలెను. నడుము, భుజములు, గొంతు మూడును ఒక్కసారి పనిచేయవలసిన వృత్తి యిది.

యౌవనమున కోపెట్స్కీ ఈ వృత్తినే నమ్ముకొని యుండలేదు. దక్షిణ బొహీమియాలోని మిరోటిత్సె అను చిన్న పట్టణమున కాపురము పెట్టి, పెండ్లియాడి, స్థిరమైన బ్రతుకు కొరకు యత్నించెను. గడియారముల పని, చిల్లర వర్తకము వంటివి చేసెను. ఒక యూర నాలుగు గోడల నడుమ పిల్లలను పెంచవలెనని బండిమీద పెరిగినవాడు కోరుట సహజమే. కాని కాలము కలిసిరాలేదు. నెపోలియను యుద్ధములు యూరప్‌ను కుదిపివేయుచుండెను. ఆస్ట్రియా చక్రవర్తి సైన్యమునకు పల్లెపల్లె నుండి మనుష్యులను పట్టుకొనిపోవుచుండిరి. కోపెట్స్కీ కూడ సైనికుడుగా పనిచేయవలసివచ్చెను. యుద్ధము దేశమునకు మిగిల్చినది ధరలు, దారిద్ర్యము. 1811లో ఆస్ట్రియా ప్రభుత్వము కాగితపు నాణెపు విలువను అయిదవ వంతునకు తగ్గించగా, కూడబెట్టుకొన్న నాలుగు కాసులుగల చిన్న కుటుంబములు కూడ చితికిపోయెను. ఇట్టి స్థితిలో ఇంట పెరుగుచున్న సంసారమును చూచి కోపెట్స్కీ తిరిగి తండ్రి వృత్తినే ఆశ్రయించెను. బొమ్మలాట ఆయనకు ముందు కళ కాదు, ఉద్యమము కాదు. ఆకలికి దొరికిన చివరి సమాధానము.

ఆ వృత్తికి కూడ అనుమతి కావలెను. ఊరూరు తిరిగి ఆటలాడువారు పైకచేరీ నుండి వ్రాతమూలకమైన అనుమతిని పొందవలసియుండెను. ఆ కాగితము లేనివాడు దేశద్రిమ్మరి, ఉన్నవాడు వృత్తిగలవాడు. కాగితము చేతికి వచ్చినంతమాత్రమున కష్టము తీరదు. ప్రతియూరిలోను అక్కడి అధికారికి దానిని చూపవలెను. అవసరమైనచో ఊరి మతగురువునకు నచ్చజెప్పవలెను. ఆటలో దొరలను గూర్చియో, మతమును గూర్చియో అదుపు తప్పిన మాట దొర్లినచో కాగితము పోవును. కాగితము పోయినచో కుటుంబమునకు కూడు పోవును. బొమ్మ నోట ఎంతటి చమత్కారము పలికించినను, ఆ గీటు దాటకుండుట ఆటగాని నేర్పు.

కుటుంబమంతయు వెంట తిరుగును. పెట్టెలలో బొమ్మలు, చుట్టిన తెరలు, దీపములు, పిల్లల పక్కబట్టలు ఒకే బండిమీద సాగును. ఊరు చేరిన తరువాత పానశాల యజమానిని ప్రాధేయపడి దాని పెద్దగదిని ఆటకు కుదుర్చుకొందురు. పిల్లలు డప్పు వాయించుచు వీథులలో ఆ రాత్రి ఆటను చాటుదురు. చీకటిపడి పనులు ముగిసిన తరువాత రైతులు, కూలివాండ్రు, స్త్రీలు, పిల్లలు వచ్చి బల్లలమీద కూర్చుందురు. కానులున్నవారు కానులిత్తురు; లేనివారు పిండియో, గ్రుడ్లో, రొట్టెయో ఇత్తురు. దీపముల వెలుగులో తెర లేచును. ఆ చిన్న రంగస్థలముమీద రాజసభలు, అడవులు, కారాగృహములు, నరకద్వారములు కనబడును. మరి రెండుమూడు రాత్రులు గడచిన తరువాత ఊరిలో కానులు అయిపోవును, బండి కదలును. ఈ విధముగా కోపెట్స్కీ కొన్ని దశాబ్దములు ముఖ్యముగా దక్షిణ, మధ్య బొహీమియా ప్రాంతముల బాటలలో తిరిగెను.

ఆటలోని పాత్రలన్నిటికి గొంతు ఒక్కటే. రాజు పలుకును గంభీరముగను, రాణి పలుకును సన్నగను, దయ్యమును బొంగురుగను, విదూషకుని చురుకుగను ఆ ఒక్కడే పలుకవలెను. చెక్ బొమ్మలాటగాండ్రకు ఒక విశేషమైన వాచకశైలి కలదు. వారు వాక్యములను సాగదీసి, నిత్యవ్యవహారములో వినబడని ఠీవితో పలుకుదురు. కొన్ని మాటలు పరభాషల నుండి వచ్చి నోటినోట నలిగి విచిత్రరూపములు దాల్చియుండును. చదువుకొన్న పట్టణవాసులు దానిని విని నవ్విన దినములు కలవు. పల్లెవారికి మాత్రము అది రాజుల భాషగా తోచెను. కచేరీలో జర్మను పలికెడు దొర యెదుట తమ భాష చిన్నబోవుట చూచిన రైతులకు, రాజును రాణియు దేవదూతలును తమ భాషయందే ఠీవిగా మాటలాడుట వినబడు చోటు ఈ బొమ్మల కొట్టమే.

నాటకములు గ్రంథముల నుండి చదివి నేర్చినవి కావు. తండ్రి యాడగా కొడుకు విని, తెరవెనుక దీపము పట్టుకొనుచు విని, కంఠస్థము చేసికొన్నవి. ఇతర దేశములలో పుట్టిన కథలు ఇట్లు నోటినోట ప్రయాణముచేసి చెక్ కథలయ్యెను. దయ్యమునకు ఆత్మనమ్ముకొన్న డాక్టరు ఫౌస్టు కథ వానిలో ముఖ్యమైనది. పదునారవ శతాబ్దపు చివర ఇంగ్లండున క్రిస్టఫర్ మార్లో దానిని నాటకముగ వ్రాసెను. ఆంగ్ల నటబృందములు దానిని జర్మను దేశములకు గొనిపోయెను. అచ్చట అది కొయ్యబొమ్మల పాలయ్యెను. జర్మను మహాకవి గేటే బాల్యమున చూచినది ఈ బొమ్మల ఫౌస్టునే. అదే కథ చెక్ ఆటగాండ్రకు కూడ చేరెను. స్త్రీలోలుడైన స్పెయిను దేశపు డాన్ జువాన్ కథ చెక్ బొమ్మలాటలో డాన్ షాయిన్ అను పేర నడచెను. అపనిందకు గురియై, పసిబిడ్డతో అడవిపాలై, తుదకు నిర్దోషియని తేలిన జెనొవేవా రాణి కథ మరియొకటి. ఉత్తరరామాయణము విన్నవారికి ఆ రాణి కథకు పల్లెటూరి తల్లు లెందుకు కంటతడి పెట్టిరో వేరుగ చెప్పనక్కరలేదు. చెక్ దేశపు పూర్వచరిత్ర నుండి వచ్చిన ఓల్ద్రిఖ్, బోజెనల కథ కూడ కోపెట్స్కీ పేర నిలిచినది. ఓల్ద్రిఖ్ పదునొకండవ శతాబ్దపు చెక్ ప్రభువు. వేటకు వెళ్ళి రేవులో బట్టలుతుకుచున్న బోజెన అను పల్లెపడుచును చూచి భార్యగా స్వీకరించెనని ఆ కథ. దొరపొలములో వెట్టిచేయు రైతుల బిడ్డలకు, తమవంటి పిల్ల రాణియగుట బొమ్మలలోనైనను కనబడుచుండెను.

ఈ నాటకములన్నిటికి ప్రాణము విదూషకుడు. ఆ కాలమున వానికి పింపర్లె అని పేరు. తరువాత కాష్పారెక్ అను పేరు స్థిరపడెను. వియన్నా నగరపు రంగస్థలముమీద పుట్టిన కాస్పర్ల్ అను హాస్యపాత్రకు ఇతడు చెక్ చుట్టము. ఎఱ్ఱని దుస్తులు, కొనదేరిన టోపి, గలగలలాడు నాలుక. తోలుబొమ్మలాటలో కేతిగాడు రామరావణుల నడుమకు కూడ దూరి జనమును నవ్వించునట్లు, కాష్పారెక్ ఫౌస్టు మందిరమునకు కూడ వచ్చును. యజమాని మహాశాస్త్రములన్నియు చదివి దయ్యము వలలో పడును. చదువురాని ఈ సేవకుడు అదే మంత్రమును పట్టుకొని దయ్యములను రమ్మని ఒకసారి, పొమ్మని ఒకసారి పలుమార్లు త్రిప్పి వాటికి అలుపు పుట్టించును. ఆకలి, భయము, తెలివి ఈ మూడును కలిసినవాడు కాష్పారెక్, ప్రేక్షకులును అట్టివారే. అందుచేతనే వాడు పలికినపుడు కొట్టమంతయు గొల్లుమనుచుండెను.

అదే తరములో ప్రాగ్ నగరమున మరియొక విధమైన పని సాగుచుండెను. భాష క్షీణించుట చూచి బాధపడిన విద్వాంసులు కొందరు దానిని పునరుద్ధరింప పూనుకొనిరి. వాత్స్లావ్ మత్యేయ్ క్రమేరియుస్ 1790లో చెక్ పుస్తకముల ప్రచురణశాలను స్థాపించి, వార్తాపత్రికను, సులభమైన కథాపుస్తకములను ప్రచురించెను. యోసెఫ్ యుంగ్మన్ 1834 నుండి 1839 వరకు అయిదు సంపుటములలో మహానిఘంటువును వెలువరించెను. యుంగ్మన్ 1773లో జన్మించెను. కోపెట్స్కీ కంటె రెండేండ్లు పెద్ద. ఇద్దరును 1847వ సంవత్సరముననే మరణించిరి. ఒకే కాలమున, ఒకే దేశమున, ఒకే భాష నాధారముగ చేసికొని బ్రతికిన ఈ యిద్దరిలో ఒకడు మాటలను పుస్తకములో పొందుపరచెను. రెండవవాడు మాటలను నోట పెట్టుకొని తిరిగెను. నిఘంటువును కొనగలవారు, చదువగలవారు ఆ దినములలో కొందరే. గ్రంథాలయము లేని పల్లెకు, వార్తాపత్రిక చేరని పల్లెకు బొమ్మల బండి మాత్రము చేరుచుండెను. పల్లెలోని వాడుకభాష వినువారితో పలుకువారితో నిలిచియుండకపోయిన యెడల, నిఘంటువులో చేర్చిన మాటలకు తిరిగి చేరదగిన చోటే ఉండెడిది కాదు.

కోపెట్స్కీ వయసు మీరినను బండి దిగలేదు. పిల్లలు పెరిగి వారును ఆటగాండ్రయిరి. వారికి వేరుగ బొమ్మలు, వేరుగ బండ్లు, వేరుగ దారులు ఏర్పడెను. ఆటగాండ్రలో ఆస్తిపంపకము భూమితో జరుగదు. బొమ్మలతోను, కంఠస్థమైన నాటకములతోను జరుగును. తండ్రి కొడుకుకు ఇచ్చినది ఏనాటికైనను చేతిలో ఆకలి తీర్చు పనిగా ఉండును. 1847 జూలై 3వ తేదీన, లుజ్నిత్సె నది ఒడ్డున నున్న కొలోద్యెయె అను గ్రామమున మత్యేయ్ కోపెట్స్కీ తన డెబ్బదిరెండవ యేట మరణించెను. వ్ల్తవా నది తీరమందలి టీన్ పట్టణమున ఆయనను పాతిపెట్టిరి. ఏ పత్రికయు పెద్ద అక్షరములతో అచ్చువేయదగిన మరణము కాదది. మరుసటి యేడు, అనగా 1848లో, దేశమంతట విప్లవపు గాలి వీచెను. రైతుల వెట్టిచాకిరి రద్దయ్యెను. ఆ మార్పును చూచుటకు ఆయన లేడు.

ఆయన పేరు మరణముతో మరుగుపడవలసినదే. మరుగుపడకపోవుటకు ముఖ్యకారణము కుమారుడు వాత్స్లావ్ కోపెట్స్కీ. తండ్రి యాడిన నాటకములను గూర్చి తన జ్ఞాపకమునుండి వ్రాయించి, 1862లో ప్రాగ్ నగరమున మత్యేయ్ కోపెట్స్కీ నాటకములు అను పేర ప్రకటింపజేసెను. నోటిలో నడచిన సరుకు మొదటిసారి కాగితముపై నిలిచెను. కాలము కూడ కలిసివచ్చెను. చెక్ జాతీయోద్యమము అప్పుడే బలపడుచుండెను. సంగీతము, చిత్రలేఖనము, నాటకము అన్నిటిలోను ఆ జాతి తన మూలములను వెదకికొనుచుండెను. ఆ దినములలోనే సంగీతాచార్యుడు బెద్రిఖ్ స్మెతనా 1862లో డాక్టరు ఫౌస్టునకును, 1863లో ఓల్ద్రిఖ్, బోజెనలకును, కోపెట్స్కీ బొమ్మనాటకముల కొరకు ప్రారంభసంగీతమును కట్టెను. దేశమునకు జాతీయ రంగశాల ఇంకను లేదు. దానికి శంకుస్థాపన జరిగినది 1868లోను, తలుపులు తెరచినది 1881లోను. మహారంగశాల రాకముందే ఆ జాతి సంగీతాచార్యుడు కొయ్యబొమ్మలకు స్వరము కట్టెను.

మరియొక కారణము మిరోటిత్సె పట్టణమే. కోపెట్స్కీ కాపురమున్న ఆ యూరనే 1852లో మికొలాష్ అలెష్ అను చిత్రకారుడు జన్మించెను. తరువాత చెక్ దేశమున ఆబాలగోపాలమునకు ప్రియుడైన ఈ చిత్రకారుడు బొమ్మలాటగాని రూపమును గీసి ప్రచారములోనికి తెచ్చెను. అప్పటినుండి కోపెట్స్కీ ఒక మనుష్యుడు మాత్రమే కాక ఒక గుర్తయ్యెను. బొమ్మల మూటతో ఊరూరు తిరిగి, నిద్రించు జాతిని మేల్కొలిపిన దేశభక్తుడని ఆయనను గూర్చి కథలల్లిరి, పాఠ్యపుస్తకములలో చేర్చిరి, విగ్రహములు నిలిపిరి.

ఇక్కడనే పండితుల విచారణ మొదలైనది. ఇరువదవ శతాబ్దమున చెక్ విద్వాంసులు బొమ్మలాట చరిత్రను శ్రద్ధతో పరిశోధించిరి. యిన్‌ద్రిఖ్ వెసెలీ ఆ పనికి బాట వేసి, 1912లో బొమ్మలాటకై ప్రత్యేకపత్రికను స్థాపించెను. తరువాత యారోస్లావ్ బార్తోష్ మొదలగువారు పాత నాటకప్రతులను ఒకదానితో నొకటి సరిచూచిరి. వారి కృషివలన కొన్ని సంగతులు తేలెను. కోపెట్స్కీ పేర అచ్చయిన నాటకములు ఆయన రచించినవి కావు; చాలవరకు ఆయనకు పూర్వమునుండి ఆటగాండ్రందరికి ఉమ్మడియైన సొత్తు. ఆ కాలమున ఊరూరు తిరిగిన చెక్ బొమ్మలాటగాడు ఆయన ఒక్కడే కాడు. ఆ బాటలలో నడచిన కుటుంబములు పెక్కు. కుమారుని పుస్తకము తండ్రికి ఖ్యాతి తెచ్చినది. పుస్తకము లేని ఆటగాండ్రు మరుగునపడిరి. ఆయన జాతీయోద్యమమును మనసులో పెట్టుకొని ఆడెనని చెప్పుటకు తగిన ఆధారము లేదు. ఆయన చెక్ భాషలో ఆడినది ఉద్యమము కొరకు కాదు, ఎదుట కూర్చున్నవారి భాష అదియే గనుక.

ఈ సత్యము తెలిసిన తరువాత కొందరు ఆయన గౌరవము తగ్గినదని తలంతురు. ఆ తలంపు సరికాదు. ఒక భాష బ్రతుకుట పండితులు కోరినంతమాత్రమున జరుగదు. ఆ భాషలో నవ్వించి, ఏడ్పించి, కూలిడబ్బులలో నుండి ఒక కాసు సంపాదించుకొనగలవాడు ఉన్నపుడు జరుగును. రోజంతయు కష్టించిన రైతు ఆ కాసు ఇచ్చుటకు ఇష్టపడినపుడు జరుగును. కోపెట్స్కీ తాను భాషోద్ధారకుడనని తలంపకయే ఆ పని చేసెను. తలంపక చేసినందున ఆ పని తక్కువ కాదు. ఆయన కీర్తిలో పేరు తెలియని ఆటగాండ్ర భాగము కూడ కలదని ఒప్పుకొన్నచో ఆయనకును న్యాయము, వారికిని న్యాయము.

ఆయన అనంతరము ఆ వృత్తి అంతరింపలేదు. కుమారులు, మనుమలు, వారి సంతతివారు తరములు గడచినను బొమ్మలాటను విడువలేదు. ఇరువదవ శతాబ్దమున ప్ల్జెన్ నగరమున యోసెఫ్ స్కూపా అను కళాకారుడు 1920లో స్పేబ్ల్ అను తండ్రి బొమ్మను, 1926లో హుర్వీనెక్ అను కొడుకు బొమ్మను రంగమునకు తెచ్చి కొత్తతరమును నవ్వించెను. జర్మను నాజీలు దేశమును ఆక్రమించిన కాలమున ఆ నవ్వులోని చురుకును పాలకులు సహింపలేదు. 1944లో స్కూపాను బంధించి ద్రెస్డెన్ కారాగారమునకు పంపిరి. 1945 ఫిబ్రవరిలో ఆ నగరముపై బాంబులు పడినపుడు ఆయన తప్పించుకొని ఇల్లు చేరి, యుద్ధానంతరము తిరిగి బొమ్మలను ఆడించెను. కోపెట్స్కీ కాలమున కాగితము పోవునను భయముండగా, స్కూపా కాలమున ప్రాణము పోవునను భయముండెను. అయినను బొమ్మ నోరు మూయలేదు.

1929లో ప్రాగ్ నగరముననే అంతర్జాతీయ బొమ్మలాట సంఘము ఏర్పడెను. 1952లో ఆ నగరపు నాటకకళాశాలలో బొమ్మలాటకు ప్రత్యేకశాఖను తెరచిరి. పూర్వము తండ్రి తెరవెనుక నేర్పిన విద్యను ఆచార్యులు తరగతులలో బోధింపసాగిరి. 1972లో ఖ్రుదిమ్ పట్టణమున బొమ్మలాటకై వస్తుప్రదర్శనశాల వెలసెను. 2016లో చెక్, స్లొవాక్ దేశముల బొమ్మలాటను ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. దేశద్రిమ్మరుల లెక్కలో వ్రాయబడిన వృత్తి లోకపు వారసత్వపు లెక్కలో వ్రాయబడుటకు రెండు శతాబ్దములు పట్టెను.

మిరోటిత్సె పట్టణమున కోపెట్స్కీ విగ్రహము కలదు. బొమ్మలాట ఉత్సవములును అచ్చట జరుగుచు వచ్చినవి. ఆయన గొంతు ఎట్లుండెనో వినిపించు సాధనము ఆ కాలమున లేదు. ఆ గొంతును విన్నవారెవ్వరును లేరు. మిగిలినది కుమారుడు జ్ఞాపకముచేసి వ్రాయించిన పుస్తకము. తండ్రి నోటిలోని మాటలు కొడుకు మనసులో పదునైదేండ్లు నిలిచి, పిదప అచ్చెక్కినందువలననే ఒక పేద ఆటగాని జీవితము ఈనాటికి తెలియుచున్నది. పల్లెలలో నేటికిని కథలు, పాటలు, ఆటలు కంఠమునందే నిలుపుకొన్న పెద్దలు కొందరున్నారు. వారు పలుకుచుండగా విని వ్రాసి దాచువాడు ఆ యింట నొకడుండుట యెంత మేలో కోపెట్స్కీ వారి కుటుంబ చరిత్ర తెలుపుచున్నది.